సర్క్యులర్ సా వెనక్కి తన్నుతోంది, గార్డు కట్టెయ్యొచ్చా?

మాది అమలాపురం దగ్గరండి. 7 అంగుళాల మిషను కొన్నాను, టేకు పలక సగం కోసేసరికి బ్లేడు పట్టేసి వెనక్కి తన్నేస్తోంది, మా తమ్ముడేమో బ్లేడుని కప్పే కింద గార్డు పైకెత్తి వైరుతో కట్టెయ్ అంటున్నాడు. కట్టొచ్చా?

> వద్దండీ బాబూ! స్విచ్ వదిలాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటది, గార్డు లేకుండా కింద పెడితే కాళ్ల మీదకొచ్చేస్తది. పలక ఎలా ఆనించారు? రెండు చివర్లా స్టూళ్లేసి మధ్యలో కోస్తే పలక వంగి కోత మూసుకుపోయి బ్లేడుని నొక్కేస్తది, తన్నేది అందుకే. పెద్ద ముక్కని బల్లకి క్లాంపుతో బిగించి, తెగే ముక్క బల్ల బయట ఉండేలా చూడండి.

> పాలకొల్లు నుంచి. బ్లేడు పలక కింద 5 మిల్లీమీటర్లు దిగితే చాలు. మన వైపు వానల్లో చెక్క చెమ్మ పడతది, అలాంటిది ఇంకా పట్టేస్తది, ఆరనివ్వండి. మిషనుకి సరిగ్గా వెనకాల కాకుండా పక్కకి నిలబడండి, పట్టేస్తే మిషన్ని లాగకండి, స్విచ్ వదిలి ఆగేదాకా ఉండండి.

> కళ్లజోడు తప్పనిసరి. బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపితే సరిపోదు.

రెండు స్టూళ్ల మీదే కోస్తున్నానండి! క్లాంపులు 4 అంగుళాలవి సరిపోతాయా?

> పలక, బల్ల కలిపి మందం అందులో పడితే చాలండి, రెండు కొనండి.