హెడ్‌లైట్ విప్పి నలుపు వేశా, ఇప్పుడు లోపల చెమ్మ

ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి లెన్స్ ఊడదీశా. లోపలి క్రోమ్ తొడుగుకి మ్యాట్ నలుపు కొట్టా, అదిరింది! పాత జిగురునే మళ్ళీ వేడిచేసి అతికించా. కారు కడిగిన మర్నాడు చూస్తే ఎడమ లైటు కింది మూలన నీటి చుక్కలు. తప్పెక్కడ?

జవాబు: ఆ పాత జిగురే. గాడిలోది మొత్తం గీకేసి కొత్త బ్యూటైల్ తాడు (జిగురుగా ఉండే రబ్బరు తాడు) వేయండి. సిలికాన్ జోలికి పోకండి, మళ్ళీ విప్పాల్సొస్తే ఏడుపే. లైటు వెనక గాలి గొట్టం మూత ఉందా? లేకపోతే అక్కణ్ణుంచీ నీళ్ళు దూరతాయి.

జవాబు: పనిలో పనిగా ఎల్‌ఈడీ బల్బులు పెట్టేయకండి బాబూ. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (కాంతిని ముందుకు మళ్ళించే మెరిసే గిన్నె) వాటి కాంతి చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి బిగించాక గోడ మీద బీమ్ ఎత్తు సరిచూసుకోండి.

అడిగినవాణ్ణే: మూత బల్ల కింద దొరికింది. సిగ్గేస్తోంది. బ్యూటైల్ కూడా మారుస్తా.