ట్రయల్స్‌లో బ్యాటరీ బండికి వేరే క్లాసు పెట్టాలా? పెట్రోల్ బండితో కలిపే ఆడించాలా?

లీడ్స్_వాసు

మా క్లబ్బులో వచ్చే సీజన్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు వేరే క్లాసు పెడదామని ఒకాయన ప్రతిపాదన రాసిచ్చాడు. వచ్చే నెల మీటింగులో ఓటింగు. ఇన్నాళ్లూ యార్క్‌షైర్‌లో మా ఆదివారం పోటీల్లో ఏ బండి తెచ్చినా అవే సెక్షన్లు, అదే ఫలితాల పట్టిక. ఇక్కడ రెండు రకాలూ నడిపినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. వేరు చేయడం న్యాయమేనా?

మోటార్‌సైకిల్ ట్రయల్స్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది వేగం పోటీ కాదు. రాళ్లు, వాగులు, చెట్ల వేళ్లు, జారుడు గట్లు ఉన్నచోట తాళ్లు, గుర్తులు కట్టి చిన్న చిన్న సెక్షన్లు చేస్తారు. బండికి సీటు ఉందా అంటే లేదనే చెప్పాలి. నిలబడే నడపాలి. కాలు దింపకుండా దాటితే సున్నా. ఒకసారి దింపితే 1, రెండుసార్లు దింపితే 2, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 3. పడిపోయినా, హద్దు దాటినా 5. తక్కువ మార్కులు పోగొట్టుకున్నవాడు గెలిచినట్టు.

ప్రతిపాదన రాసినాయన చెప్పే కారణాలు: బ్యాటరీ బండి మధ్యలో ఆగిపోదు, గేర్లు మార్చే పని లేదు, కంప్యూటర్ సాయం ఉంది. నా ఓటు మాత్రం వ్యతిరేకంగానే.

పాత_బుల్టాకో

వాసూ, ఆ కాగితం రాసింది నేను కాదు గానీ నా ఓటు దానికే. కారణం చెబుతా.

కాలు నేల మీద ఉండగా ఇంజిన్ ఆగిపోతే 5 పడుతుంది. ఈ ఆటలో సగం టెన్షన్ అక్కడే ఉంది. తడి రాయి ఎక్కే ముందు రెండో గేరా మూడో గేరా అని నిర్ణయించుకోవాలి. క్లచ్ మీద ఒక్క వేలు పెట్టి, ఆగీ ఆగనట్టున్న ఇంజిన్‌ని బతికించుకుంటూ పోవాలి. అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. బ్యాటరీ బండికి ఆ పీడే లేదు. కాలు కింద పెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ థ్రాటిల్ తిప్పితే పోతుంది. నాకు 5 పడ్డచోట అతనికి 1 పడుతుంది. ఒకే పట్టికలో ఈ ఇద్దరినీ ఎలా పోలుస్తారు?

బ్యాటరీ బండి వద్దనడం లేదు. దాని పట్టిక దానికి పెట్టండి అంటున్నా. అంతే.

క్లచ్_వేలు

గురువుగారూ, ఆగిపోదన్నది నిజం. అది లాభమే, కాదనను. కానీ లెక్కలో రెండో వైపు మీరు చెప్పలేదు.

ఛాతీ ఎత్తు బండరాయి ఎక్కాలంటే ఏం చేస్తారు? క్లచ్ పట్టి ఇంజిన్‌ని గట్టిగా తిప్పుతారు. ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, అదే ఫ్లైవీల్, దానిలో శక్తి నిలవ అవుతుంది. సరిగ్గా ఆ క్షణానికి క్లచ్ వదిలితే ఆ నిలవంతా ఒక్క దెబ్బలో వెనక చక్రానికి చేరుతుంది. బండి గాల్లోకి లేచేది దానివల్లే. విద్యుత్ మోటారుకి టార్క్, అంటే తిప్పే బలం, సున్నా వేగం నుంచే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ దాని లోపల తిరిగే బరువు తక్కువ. నిలవ ఉంచుకోవడానికి ఏమీ లేదు. మామూలు చోట్ల అది హాయిగా పోతుంది, పెద్ద మెట్టు దగ్గరే ఇబ్బంది.

అందుకే 2018లో యమహా టీవై-ఈ బండి తెచ్చినప్పుడు దానికి క్లచ్, ఫ్లైవీల్ రెండూ పెట్టింది. ఫ్రాన్స్ కంపెనీ ఎలక్ట్రిక్ మోషన్ కూడా తన ట్రయల్స్ బండ్లకు క్లచ్ ఇచ్చింది. వాటిలో థ్రాటిల్ పూర్తిగా వదిలినా మోటారు ఇంజిన్‌లా నెమ్మదిగా తిరుగుతూ ఉండే మోడ్ కూడా ఉంది. అంటే మీ ఒక్క వేలు విద్య అక్కడా కావాల్సిందే. ఎలక్ట్రిక్ అనగానే స్కూటర్ గుర్తొస్తే, ఒకసారి ఆ హ్యాండిల్ ఎడమ పక్కకి చూడండి.

పట్టు విషయంలో కూడా రెండు వాదనలూ ఉన్నాయి. మోటారు లాగుడు ఒకే తీరుగా ఉంటుంది గనక తడి వేళ్ల మీద టైరు తక్కువ జారుతుందని కొందరు అంటారు. సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజిన్‌లో దెబ్బ దెబ్బకీ మధ్య వచ్చే ఖాళీలో టైరు మళ్లీ నేలను పట్టుకుంటుందని ఫోర్ స్ట్రోక్ వాళ్లు అంటారు. రెండూ నడిపాను. నాకైతే నేలను బట్టి మారుతుందనిపించింది.

ఇక ఫలితాలు. ప్రపంచ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్ఐఎం 2017లో ట్రయల్-ఈ కప్ అని ఎలక్ట్రిక్‌కి వేరే పోటీ పెట్టింది. మరుసటి ఏడు యమహా మీద జపాన్ రైడర్ కెనిచి కురొయామా రెండో స్థానంలో నిలిచాడు. అదే కురొయామా 2023లో ఎలక్ట్రిక్ బండితో ఆల్ జపాన్ పోటీల పై క్లాసులో పెట్రోల్ బండ్ల మధ్యే దిగాడు. 2024లో హోండా ఆర్‌టీఎల్ ఎలక్ట్రిక్ తెచ్చింది. 2004 ప్రపంచ చాంపియన్ తకహిసా ఫుజినామి రిటైర్మెంట్ నుంచి తిరిగొచ్చి, దాని మీద ఆల్ జపాన్‌లో గెలిచాడు. జపాన్ వాళ్లు బ్యాటరీని వేరే పట్టికలోకి తోసేయలేదు. మన ఆదివారం పోటీకి అంత కంగారు దేనికి?

పాత_బుల్టాకో

ఫుజినామి గాడిద మీద దిగినా మనకంటే తక్కువ మార్కులే పోగొట్టుకుంటాడు. చాంపియన్‌ని చూపించి బండి న్యాయం తేల్చొద్దు.

క్లచ్_వేలు

సరే, నవ్వొచ్చింది. అయితే నా వాదన కూడా అదే గదండీ. మనిషే ముఖ్యమైతే బండికో పట్టిక ఎందుకు?

చిట్టి_రైడర్_అమ్మ

నేను రైడర్‌ని కాను, రైడర్ తల్లిని. మా అమ్మాయి ఓసెట్ మీద మొదలుపెట్టింది. తెలియనివాళ్లకి: ఓసెట్ అంటే బ్రిటన్‌లో ఒక తండ్రి తన కొడుకు కోసం చేసిన చిన్న ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండి నుంచి పుట్టిన కంపెనీ. 2022లో ట్రయంఫ్ కొనేసింది. బండి మీద వేగానికి, పవర్‌కి చిన్న మరలు ఉంటాయి, వాటిని తిప్పి తగ్గించవచ్చు. పిల్ల భయపడుతుంటే తగ్గిస్తాం, ధైర్యం రాగానే పెంచుతాం. సైలెన్సర్ వేడికి కాలు కాలుతుందన్న బెంగ లేదు. కిక్ కొట్టలేక ఏడవడమూ లేదు.

ఈ పిల్లలు పెద్దయ్యాక ఏ బండి ఎక్కుతారు? వాళ్లకి తెలిసింది ఎలక్ట్రిక్కే. ఆ ఎలక్ట్రిక్ క్లాసులో ఏ ఆదివారమైనా ఇద్దరో ముగ్గురో ఉంటారు. ముగ్గురిలో మూడో స్థానం వచ్చిందని కప్పు ఇస్తే మా అమ్మాయికే సిగ్గేస్తుంది. నలభై మందిలో పదిహేనో స్థానం వస్తే ఇల్లంతా గంతులేస్తుంది. పెద్దవాళ్ల పట్టిక గొడవలో పిల్లల్ని ఒంటరి చేయకండి.

పాత_బుల్టాకో

అమ్మా, మీరు చెప్పింది మనసుకి తగిలింది. పిల్లల క్లాసులో వేరు చేయాలని నేనూ అనను. పెద్దవాళ్ల సంగతే చెబుతున్నా.

లీడ్స్_వాసు

ఒక విషయం అడుగుతా గురువుగారూ, కోపం తెచ్చుకోవద్దు. మీ పేరులో ఉన్న బండి కథే చూడండి. పాతకాలపు ట్రయల్స్ చాంపియన్ సామీ మిల్లర్ 500 సీసీ ఏరియల్ ఫోర్ స్ట్రోక్ మీద ఏళ్ల తరబడి గెలిచాడు. తర్వాత స్పెయిన్ వాళ్ల బుల్టాకో టూ స్ట్రోక్‌కి మారి, 1965లో స్కాట్లాండ్ ఆరు రోజుల పోటీ స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. ఆ తేలిక బండి ముందు పెద్ద ఫోర్ స్ట్రోక్‌లు నిలబడలేకపోయాయి. మరి అప్పుడు టూ స్ట్రోక్‌కి వేరే పట్టిక పెట్టారా?

ఇప్పటి సంగతి. స్పెయిన్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి ఇండోర్, అవుట్‌డోర్ టైటిళ్లు కుప్పలుగా పోగేసింది మాంటెసా ఫోర్ స్ట్రోక్ మీద. అతని ప్రత్యర్థులు దాదాపు అందరూ టూ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్‌ని విడదీయండని ఎవరూ అనలేదు. ఇంజిన్ రకం మారినప్పుడు లేని పట్టింపు ప్లగ్గు పెట్టగానే ఎందుకొచ్చింది? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మా క్లబ్బు వ్యవహారం.

పాత_బుల్టాకో

కోపం ఎందుకు? మంచి ప్రశ్నే. కానీ ఆ రెండిట్లోనూ పెట్రోల్ అయిపోతే డబ్బా తెచ్చి పోసుకుంటారు. నిమిషం పని. మిల్లర్ బుల్టాకో ఆరు రోజులూ తిరిగింది, గుర్తుంచుకో.

ఫోర్ట్ విలియంలో జరిగే ఆ పోటీలో రోజుకి దాదాపు 100 మైళ్లు పోవాలి. రోజుకి 30 సెక్షన్లు. మధ్యలో రోడ్డు, బురద నేల, కొండ బాట. మన పక్కనే స్వేల్‌డేల్‌లో జరిగే స్కాట్ ట్రయల్ 1914లో పుట్టింది. అక్కడ కాలు దింపినందుకే కాదు, ఆలస్యానికీ మార్కులు పోతాయి. అంత దూరం ఆ వేగంతో పోయే ట్రయల్స్ బ్యాటరీ నాకింతవరకు కనబడలేదు. 70 కిలోల బండిలో ఎంత బ్యాటరీ పెడతారు? పెంచితే బరువు, తగ్గిస్తే దూరం. రేపు ఎలక్ట్రిక్ వాళ్లు మధ్యలో బ్యాటరీ మార్చుకుంటాం అంటారు. అప్పుడు నిబంధనలు వాళ్ల కోసం మార్చాలి. సెక్షన్‌లో లాభం తీసుకుని, దారిలో రాయితీ అడుగుతారన్నమాట. నా అభ్యంతరం అది.

అబ్జర్వర్_శ్రీను

నేను పోటీల్లో సెక్షన్ పక్కన కార్డు పట్టుకుని మార్కులు వేస్తూ నిలబడేవాణ్ణి. మీ ఇద్దరికీ ఆనని విషయం చెబుతా.

ఆగకూడదన్న నిబంధన ఉన్న పోటీల్లో బండి ముందుకు కదలడం ఆగిపోతే 5 వేయాలి. పెట్రోల్ బండి ఆగబోతుంటే చెవికే తెలుస్తుంది. చప్పుడు మారుతుంది, నేను చక్రం వైపు కళ్లు తిప్పుతా. ఎలక్ట్రిక్ బండికి ఆ కబురు రాదు. చక్రం ఆగిందా, కొద్దిగా దొర్లుతోందా అని వంగి చూడాలి. పైగా వెనక నుంచి బండి వస్తున్నట్టే తెలియదు. సెక్షన్ మధ్యలో నిలబడి మాట్లాడుకునే జనాన్ని పక్కకి లాగాల్సి వచ్చింది. వేరే క్లాసు కన్నా ముందు, ప్రతి బండికీ ఈల ఊదే మనిషిని పెట్టండి.

ఇంకో మాట. ఎలక్ట్రిక్ వస్తే భూముల సమస్య తీరిపోతుందని చాలామంది సంబరపడుతున్నారు. సగమే నిజం. పొరుగువాళ్ల ఫిర్యాదులు తగ్గుతాయి, రైతు మళ్లీ రానిస్తాడు, అది చిన్న విషయం కాదు. కానీ ఇంగ్లండ్‌లో పొలాన్ని తాత్కాలికంగా వేరే పనికి వాడుకోవడానికి ఏడాదికి ఇన్ని రోజులని లెక్క ఉంది. మామూలు వాడకానికి 28, అందులో మోటారు రేసులకూ వాటి ప్రాక్టీసుకూ 14. ఆ నిబంధన రోజులే లెక్కపెడుతుంది, చప్పుడు ఎంతని అడగదు. అలాగే 1988 రోడ్ ట్రాఫిక్ చట్టంలో 34వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని నేల మీదికి మోటారు బండి తీసుకెళ్లడం నేరం. చప్పుడు లేదు కదా అని నడక బాటలోకి పోయే కుర్రాళ్లని చూశాను. అది పెడల్ కొట్టే ఎలక్ట్రిక్ సైకిల్ కాదు, చట్టం ముందు మోటార్‌సైకిలే. ఒకడు పట్టుబడితే చెడ్డపేరు క్లబ్బులన్నిటికీ వస్తుంది.

హైదరాబాద్_బండరాయి

అన్నలూ, మీ గొడవ చదువుతుంటే ఈర్ష్యగా ఉంది. ఇక్కడ గండిపేట దాటితే దేవుడు కట్టిన సెక్షన్లు ఎన్నో. గుండ్రటి బండలు, వాటి మధ్య సందులు. ఆడేవాడే లేడు. అసలైన ట్రయల్స్ బండి విదేశం నుంచి తెప్పించుకుంటే దిగుమతి సుంకంతో కళ్లు తిరుగుతాయి. బెంగళూరు అల్ట్రావయొలెట్ 2025లో షాక్‌వేవ్ అని ఎలక్ట్రిక్ ఆఫ్ రోడ్ బండి ప్రకటించింది. దానితో మొదలుపెట్టొచ్చా?

క్లచ్_వేలు

తమ్ముడూ, అది 120 కిలోలు. మట్టి బాటకి బాగుంటుంది, కానీ ట్రయల్స్ బండి 70 కిలోల దగ్గర ఉంటుంది, రాయి మీద ఒంటి చక్రంతో గెంతించాలి. నీకు నా సలహా: ముందు మామూలు సైకిల్ మీద ఆగి నిలబడటం నేర్చుకో. ఖర్చు లేదు. అయితే నువ్వన్నదాంట్లో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మన ఊళ్లలో బండల పక్కనే ఇళ్లు లేచాయి. పెట్రోల్ బండితో రోజూ ప్రాక్టీసు చేస్తే కాలనీవాళ్లు ఊరుకోరు. ఈ ఆట మన దగ్గర ఎప్పుడైనా పుడితే అది ఎలక్ట్రిక్‌తోనే పుడుతుందని నా అనుమానం.

గ్రీజు_చేతులు

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేం? కొత్త ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండి కొత్త పెట్రోల్ బండి కన్నా ఖరీదు. గ్యాస్‌గ్యాస్, బీటా కంపెనీల పాత పెట్రోల్ బండ్లు అయితే సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, పిస్టన్ పోతే గ్యారేజీలో నేనే మారుస్తా. బ్యాటరీ పోతే? అది బండిలో సగం. పదేళ్ల నాటి ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండిని ఎవడు కొంటాడు? నిజమైన ప్రశ్న ఇది, క్లాసులు కాదు.

అన్నట్టు, మొన్నొకాయన పొలంలో పెట్రోల్ జనరేటర్ పెట్టి బ్యాటరీ చార్జింగ్ చేసుకుంటున్నాడు. ఆ చప్పుడు మా పది బండ్ల కన్నా ఎక్కువ. పర్యావరణం గురించి నాకు క్లాసు పీకింది కూడా ఆయనే.

చిట్టి_రైడర్_అమ్మ

జనరేటర్ల మీద నిషేధం పెడితే మొదటి ఓటు నాది 😀

లీడ్స్_వాసు

అందరి మాటలూ చదివాక మీటింగులో పెట్టబోయే సవరణ ఇది. ఒక్క రోజు పోటీల్లో అందరికీ ఒకే పట్టిక. ఆగిపోవడం గురించి గురువుగారు చెప్పింది సబబే, కాబట్టి ఒక నియమం కలుపుతా: కాలు నేల మీద ఉండగా ముందుకు కదలడం ఆగితే ఏ బండికైనా 5. అప్పుడు ఇంజిన్ ఆగిందా లేదా అన్న ప్రశ్నే ఉండదు. పెట్రోల్ పోసుకునే చోటే బ్యాటరీ మార్చుకోవచ్చు, వేరే చోట కుదరదు. జనరేటర్ పార్కింగులోకి రాకూడదు. దూరం పోటీల సంగతి ఇప్పుడు ముట్టుకోను.

పాత_బుల్టాకో

కదలడం ఆగితే 5 అన్నది అందరికీ ఒకేలా ఉంటే నాకు అభ్యంతరం లేదు, పాతకాలంలో మేం ఆడిందీ అలాగే. బ్యాటరీ మార్పిడి మాత్రం ఒప్పుకోను. పెట్రోల్ పోసినప్పుడు నేను ట్యాంకు మార్చడం లేదు. ఆ ఒక్క వాక్యం తీసేస్తే నీ సవరణకి నా చెయ్యి లేస్తుంది.

క్లచ్_వేలు

తీసేయొద్దు వాసూ. మా రూటు మూడు ల్యాపులు, మూడో ల్యాపు సగంలో బ్యాటరీ అయిపోతే నన్ను తోసుకొచ్చేది గురువుగారు కాదు.