ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు రెండో రైఫిల్: అదే క్యాలిబరా, తేలికదా, అసలు అవసరమా?

ఫ్రంట్‌రేంజ్: కొలరాడో, రైఫిల్ వేటకు రెండో సీజన్, అక్టోబర్ ఆఖరు. 10,000 అడుగుల ఎత్తున టెంట్ క్యాంప్, ఆరు రోజులు, రోడ్డు నుంచి నాలుగు మైళ్ల లోపలికి. మెయిన్ రైఫిల్ .300 విన్ మ్యాగ్, బ్యాకప్ అంతకన్నా తేలికైన 6.5 క్రీడ్‌మోర్ అని ప్లాన్ (ఇవి తూటా రకాల పేర్లు). గ్రూపులో సగం మంది మెయిన్‌గా .30-06 చాలంటున్నారు, బ్యాకప్ కూడా అదే క్యాలిబర్ ఉండాలంటున్నారు. తెలిసినవాళ్లు తేల్చండి.

థర్టీఓసిక్స్: .30-06 చాలు. లెక్క చూడండి. 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ .30-06లో సెకనుకు దాదాపు 2700 అడుగులు, .300లో దాదాపు 2950. రెండిటినీ 200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురి కలిసేలా స్కోప్ సర్దితే, 300 గజాల దగ్గర కిందికి దిగడంలో తేడా రెండంగుళాల లోపే. ఆ రెండంగుళాల కోసం భుజం మీద ఎంత ఎక్కువ తన్ను భరిస్తున్నారో ఆలోచించండి.

తన్నుకు భయపడుతున్నామో లేదో ఎవరికి వాళ్లకు తెలియదు. పరీక్ష తేలిక. పక్కవాళ్లను మ్యాగజైన్ నింపమనండి, అసలు తూటాల మధ్య రెండు డమ్మీలు ఎక్కడో కలపమనండి. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ టిక్కుమంటుంది, పేలదు. ఆ క్షణంలో బ్యారెల్ కొస కిందికి వాలితే ఆ రైఫిల్ మీకు ఎక్కువైనట్టే. బెంచ్ మీద కాదు, మోకాలి మీద కూర్చుని చెయ్యండి. కొండ మీద బెంచ్ ఉండదు.

క్యాలిబర్ కన్నా బుల్లెట్ ముఖ్యం. పెద్ద బుల్ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, భుజం ఎముక మందం. నోస్లర్ పార్టిషనో, బార్న్స్ టీఎస్ఎక్సో, బాండెడ్ (పై తొడుగు లోపలి సీసానికి అతుక్కున్న) బుల్లెట్టో వాడండి. దుప్పికి వాడే పల్చటి జాకెట్ (పై తొడుగు) బుల్లెట్ ఆ ఎముక మీదే చితికిపోయి ఊపిరితిత్తుల దాకా చేరకపోవచ్చు.

రిడ్జ్‌లైన్: గురువుగారూ, బుల్లెట్ మాట ఒప్పుకుంటాను, కానీ మీ వాదం అక్కడే బలహీనపడుతోంది. టీఎస్ఎక్స్ లాంటి రాగి బుల్లెట్ బాగా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు కూడా వేగం ఉండాలి. సెకనుకు 2000 అడుగులు గీతగా పెట్టుకుంటే, .300 ఆ వేగాన్ని .30-06 కన్నా వంద గజాలకు పైగా ఎక్కువ దూరం నిలుపుతుంది. చెట్లు లేని పెద్ద మైదానాల అంచున కూర్చునేవాళ్లకు ఆ వంద గజాలు అవసరమే.

6.5 బ్యాకప్‌గా సరిపోతుంది. కొలరాడో నియమం ఎల్క్‌కు కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి. 143 గ్రెయిన్ల 6.5 దాన్ని తేలిగ్గా దాటుతుంది.

స్క్రూడ్రైవర్: క్యాలిబర్ గురించే కొట్టుకుంటున్నారు. అసలు చెడేదేమిటో చూడరా? బోల్ట్ యాక్షన్ రైఫిల్ మొత్తంగా పాడవడం అరుదు. చెడేది స్కోప్, దాన్ని పట్టి ఉంచే స్క్రూలు. గుర్రం జీను సంచిలో నాలుగు మైళ్లు కుదుపులు తిని, ఒక్కసారి రాతి మీద పడితే జీరో పోతుంది.

కాబట్టి బయల్దేరేముందు స్కోప్‌ను పట్టే రింగ్ స్క్రూలు టార్క్ రెంచ్‌తో 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు బిగించండి, రింగుల కింద రైఫిల్‌కి ఉండే బేస్ స్క్రూలకు తయారీదారు చెప్పినంత, బొట్టు నీలి థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు). తర్వాత స్క్రూ తల నుంచి రింగ్ మీదికి పెయింట్ పెన్నుతో సన్నటి గీత. రోజూ పొద్దున టార్చ్ వేసి చూడండి. గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ కదిలిందన్నమాట.

రెండో బాధ చలి. బోల్ట్ లోపల చిక్కటి నూనె ఉంటే మంచు పడే పొద్దున ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తుంది, తూటా అడుగున ఉండే ప్రైమర్ (పేలుడు మొదలుపెట్టే బిళ్ల) మీద చిన్న గుంట పడుతుందే తప్ప పేలదు. బోల్ట్ విప్పి, స్ప్రింగ్‌తో సహా డీగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టి, పొడి లూబ్ వెయ్యండి. రాత్రి రైఫిల్‌ను పొయ్యి వెలిగే టెంట్‌లోకి తేవద్దు. చల్లటి ఇనుము మీద చెమ్మ పడుతుంది, పొద్దున బయటికి తీస్తే అదే గడ్డకడుతుంది. చలిగా ఉండే పక్క టెంట్‌లో, కేసులో పెట్టండి. బ్యారెల్ కొసకు ఎలక్ట్రికల్ టేప్ ఒక్క పొర చాలు. దాని మీంచి కాల్చినా ఏమీ కాదు, మంచు లోపలికి పోతే మాత్రం బ్యారెల్ ఉబ్బుతుంది.

నా ఓటు: రెండో రైఫిల్ బదులు ముందే అదే రైఫిల్ మీద జీరో చేసి పెట్టిన రెండో స్కోప్, క్విక్ డిటాచ్ రింగుల్లో. అర కిలో పైచిలుకు బరువుతో పని అయిపోతుంది.

రిడ్జ్‌లైన్: స్టాక్ పగిలితేనో? నలుగురు వెళ్లే క్యాంపుకు ఒక స్పేర్ రైఫిల్ ఉండాల్సిందే. వీపున మోయక్కర్లేదు, క్యాంపులో ఉంటే చాలు.

స్క్రూడ్రైవర్: నలుగురికి ఒకటి అంటే ఒప్పుకుంటాను. అయితే తూటాలు కలిసిపోకుండా చూడాలి. .30-06 చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) .308 అనే పొట్టి తూటా దూరిపోతుంది. దాని ఇత్తడి తొడుగు పొట్టిది, తొడుగు సన్నబడే చోట చాంబర్ ఆసరా ఉండదు, పేలిస్తే తొడుగు చీలి వేడి గ్యాస్ వెనక్కి రావచ్చు. ఆ రెండూ ఒకే క్యాంపులో వద్దు. అయితే ఒకటే తూటా, లేదంటే చీకట్లో కూడా తేడా తెలిసేవి. .300, 6.5 జంటలో ఆ సుఖం ఉంది. గ్లవ్ తీసి తడిమితే .300 తూటా అడుగున బెల్ట్ (ఉబ్బెత్తు పట్టీ) వేలికి తగులుతుంది.

ఫ్రంట్‌రేంజ్: ఇది ఉపయోగపడే మాట. ఇద్దరు డాలస్ నుంచి విమానంలో వస్తున్నారు. అక్కడ చేసిన జీరో ఇక్కడ నిలుస్తుందా? ఎన్ని తూటాలు తెమ్మనాలి?

థర్టీఓసిక్స్: గాలి పల్చబడటం వల్ల 300 గజాల లోపు అంగుళం కూడా తేడా రాదు. సామాన్లు విసిరే చేతుల వల్ల వచ్చే తేడాయే ఎక్కువ. దిగిన రోజే రేంజ్‌కి వెళ్లి 100 గజాల దగ్గర మూడు గుళ్లు. .30-06 180 గ్రెయిన్లయితే గుళ్లు గురి పెట్టిన చుక్కకు రెండంగుళాలు పైన పడాలి, అప్పుడు 200కి సరిపోతుంది. మనిషికి 40 తూటాలు, అన్నీ ఒకే లాట్ నంబర్‌వి (ఒకే విడతలో తయారైనవి). ఎయిర్‌లైన్లు సాధారణంగా చెక్-ఇన్‌లో 5 కిలోల దాకా ఒప్పుకుంటాయి. రైఫిల్ ఖాళీగా, తాళం వేసిన గట్టి కేసులో, కౌంటర్ దగ్గర చెప్పి ఇవ్వాలి.

గ్రీన్‌కార్డ్_క్యూ: తుపాకీ ముట్టుకోకముందే ఒక్క మాట. గ్రూపులో హెచ్-1బి, ఎఫ్-1 వాళ్లుంటే, ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. గడువు ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. స్నేహితుడి బ్యాకప్ రైఫిల్ పది నిమిషాలు పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది. సందేహముంటే లాయర్‌ను అడగండి, వీసాతో ఆడుకోవద్దు. ఇంకోటి, 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సుకు ముందే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చెయ్యాలి. ఇప్పుడే మొదలుపెట్టించండి.

ఫ్రంట్‌రేంజ్: మాలో ఇద్దరు హెచ్-1బి. ఈ వారమే చెబుతాను. మెయిన్ ఎవరికి నచ్చింది వాళ్లు, డమ్మీ పరీక్ష అయ్యాక. క్యాంపుకు 6.5 ఒకటి.

థర్టీఓసిక్స్: 6.5 మీద నా అభ్యంతరం అలాగే ఉంది. తీసుకెళ్తే దాంతో 250 గజాలు దాటి కాల్చకండి, జంతువు పూర్తిగా అడ్డంగా నిలబడి, ముందు కాలు వెనక ఊపిరితిత్తులు కనబడితేనే. ఏటవాలుగా నిలబడితే వదిలెయ్యండి. దూరం, భంగిమ రెండూ చీటీ మీద రాసి ఆ రైఫిల్ స్టాక్‌కి అంటించండి. బ్యాకప్ చేతికొచ్చేసరికి మనిషి కంగారులో ఉంటాడు, అప్పుడు గుర్తుండవు.