పార్కిన్సన్స్ తొలి దశలో డీటీఐ-ఆల్ప్స్: ఎడమకూ కుడికీ ఇంత తేడా ఎందుకు?

కర్నూలు_రేడియాలజీ_పీజీ
అందరికీ నమస్కారం. హోన్-యార్ (జబ్బు తీవ్రతను చెప్పే కొలమానం) 1, 2 దశల్లో ఉన్న పార్కిన్సన్స్ రోగులకు ఆల్ప్స్ ఇండెక్స్ లెక్కిస్తున్నాం. డీటీఐ అంటే నీటి అణువులు ఏ దిశలో ఎంత కదులుతున్నాయో (డిఫ్యూజన్) కొలిచే ఎమ్మారై, దాని నుంచి రక్తనాళాల వెంట కదలికను అంచనా వేసి, మెదడు వ్యర్థాల తొలగింపుకు సూచనగా వాడే అంకే ఆల్ప్స్. 1.5 టెస్లా మెషీను, బీ విలువ (డిఫ్యూజన్‌కు స్కాన్ ఎంత సున్నితమో చెప్పేది) 1000, 32 దిశలు, స్లైస్ మందం 4 మి.మీ. కలర్ ఎఫ్‌ఏ మ్యాప్ (నరాల పోగుల దిశలను రంగుల్లో చూపే బొమ్మ) మీద ఆర్‌ఓఐలు (కొలవాల్సిన చోట గీసే చిన్న వలయాలు) చేత్తోనే పెట్టాం. ఒక కేసులో ఎడమ 1.46, కుడి 1.19 వచ్చింది. వణుకు ఎడమ చేతికే ఉంది కాబట్టి కుడి వైపు మెదడులో వ్యర్థాల తొలగింపు తగ్గిందని రాయొచ్చా?

అనంతపురం_న్యూరో
అప్పుడే రాయకండి డాక్టర్ గారూ. ముందు కరోనల్‌లో (ఎదురుగా నిలబడి చూసినట్టుండే కోతలో) తల వాలి ఉందేమో చూడండి.

2017లో తావోకా బృందం ఈ పద్ధతి చెప్పినప్పుడు ఆధారం మొత్తం దిశల మీదే పెట్టింది. పార్శ్వ జఠరికల (మెదడులోని ద్రవపు గదుల) పక్కన మెడల్లరీ సిరలు అడ్డంగా, అంటే ఎక్స్ దిశలో పోతాయి. ప్రొజెక్షన్ పోగులు నిలువుగా జెడ్‌లో, అసోసియేషన్ పోగులు ముందువెనుకలుగా వైలో ఉంటాయి. ఈ రెండు రకాల పోగుల దగ్గరా డీఎక్స్ఎక్స్ (ఎక్స్ దిశలో డిఫ్యూజన్; డీవైవై, డీజెడ్‌జెడ్ కూడా అలాగే) సగటును, ప్రొజెక్షన్ దగ్గరి డీవైవై, అసోసియేషన్ దగ్గరి డీజెడ్‌జెడ్ సగటుతో భాగిస్తాం.

కరోనా రేడియేటా పోగులు (ఆ ప్రొజెక్షన్ పోగులే) పైకి పోయేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. తల పక్కకు వాలితే ఒక వైపు పోగులు నిటారవుతాయి, రెండో వైపువి ఇంకా ఏటవాలవుతాయి. ఏటవాలైన వైపు, పోగు వెంబడి జరిగే డిఫ్యూజన్ డీఎక్స్ఎక్స్‌లోకి చొరబడి ఇండెక్స్‌ను పెంచేస్తుంది. కాబట్టి మీ కేసులో కుడి నిజంగా తగ్గిందా, ఎడమ ఉత్తపుణ్యానికి పెరిగిందా అనేది ఈ అంకెలతో తేలదు.

ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌లోని డీటీఐఫిట్‌ను సేవ్ టెన్సర్ ఆప్షన్‌తో నడపండి (టెన్సర్ అంటే ఒక్కో చోట అన్ని దిశల డిఫ్యూజన్ లెక్క). ఆరు వాల్యూములు వస్తాయి. సున్నా నుంచి లెక్కపెడితే 0, 3, 5 (డీఎక్స్ఎక్స్, డీవైవై, డీజెడ్‌జెడ్) మీకు కావలసినవి. ఎఫ్‌ఏను జేహెచ్‌యూ టెంప్లేట్‌కు (ప్రామాణిక మెదడు నమూనాకు) రిజిస్టర్ చేశాక (సరిపోల్చి అమర్చాక) టెన్సర్‌ను వెక్‌రెగ్‌ అనే ప్రోగ్రామ్‌తోనే తరలించండి. మామూలుగా వాడే ఫ్లర్ట్ ప్రోగ్రామ్ వోక్సెళ్లను (బొమ్మలోని చిన్న ఘనాలను) కదిలిస్తుంది గానీ లోపలి టెన్సర్‌ను తిప్పదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: బొమ్మ సరిగ్గా నిలబడినట్టు కనిపిస్తుంది, డీఎక్స్ఎక్స్ మాత్రం పాత అక్షానిదే. ఆ తర్వాత 5 మి.మీ. వ్యాసం ఆర్‌ఓఐలు పెట్టండి, జఠరికలోని ద్రవం తగలకుండా.

కడప_ఎమ్మారై_టెక్
స్కాన్ దగ్గరే సగం సరిచేయొచ్చు సార్. లోకలైజర్ (మొదట తీసే త్వరిత స్కాన్) కరోనల్‌లో రెండు లోపలి చెవి కాలువలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే రోగిని మళ్లీ పడుకోబెట్టి ఫోమ్ ప్యాడ్లు పెట్టాలి. స్లైసును వంచి సర్దితే చాలదు. 4 మి.మీ. మందంలో పోగులు కలిసిపోతాయి, 2.5 మి.మీ. ఐసోట్రోపిక్ (అన్ని వైపులా అదే కొలత), గ్యాప్ లేకుండా తీసుకుంటే మేలు. 1.5 టెస్లాలో సిగ్నల్ తగ్గుతుంది కనుక యావరేజ్‌లు పెంచాలి, దాంతో సమయమూ పెరుగుతుంది. తల వణికేవాళ్లకు అది కష్టం. వ్యతిరేక ఫేజ్ దిశలో బీ0 (డిఫ్యూజన్ లేని బొమ్మ) ఒకటి తప్పకుండా తీయండి, లేకుంటే బొమ్మ వంకరలు సరిచేసే టాపప్ నడవదు. తల కదలికలు సరిచేసే ఎడ్డీ అయ్యాక అది తిప్పి ఇచ్చిన బీవెక్ (దిశల) ఫైలే డీటీఐఫిట్‌కు ఇవ్వాలి.

కర్నూలు_రేడియాలజీ_పీజీ
తల వాలే ఉంది సార్. వెక్‌రెగ్ తర్వాత ఎడమ 1.33, కుడి 1.27. ఈ మిగిలిన తేడా తొలగింపుదేనా?

అనంతపురం_న్యూరో
అలా అనలేం. ఆల్ప్స్ ద్రవ ప్రవాహాన్ని కొలవదు. ఆర్‌ఓఐలోని నీటిలో రక్తనాళాల చుట్టూ ఉండేది చాలా కొద్ది వాటా, మిగతా సిగ్నల్ అంతా తెల్ల పదార్థానిదే. ఆక్సాన్లు తగ్గినా, బీపీ వల్ల మచ్చలు పడినా, వయసు పెరిగినా అంకె మారుతుంది. ప్రవాహాన్ని నేరుగా చూడాలంటే వెన్ను ద్రవంలోకి గడోలీనియం ఎక్కించి గంటల తరబడి స్కాన్లు తీయాలి, ఓస్లోలో చేసినట్టు. ఈ ప్రశ్న కోసం రోగికి అంత ఇబ్బంది పెట్టడం నా దృష్టిలో న్యాయం కాదు.

థీసిస్‌లో "ఆల్ప్స్ తగ్గింది" అని రాయండి, "వ్యర్థాలు పేరుకున్నాయి" అని కాదు. ఫజెకాస్ స్కోరు (తెల్ల పదార్థంలో మచ్చల తీవ్రత), వయసు, నిద్రలో కేకలు, కాళ్లూచేతులూ విసరడం ఉందా అన్నవి ప్రతి కేసుకూ నమోదు చేయండి. ఆర్‌ఓఐలు ఇద్దరు విడివిడిగా, రోగి ఎవరో తెలియకుండా పెట్టాలి. ఒక్క రోగి రిపోర్టులో ఈ అంకె అసలు వద్దు. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు భయపడతారు, మందు ఏమీ మారదు. లెక్క సరిచూసుకోవడానికి పీపీఎంఐ (పార్కిన్సన్స్ రోగుల అంతర్జాతీయ అధ్యయనం) డేటాకు దరఖాస్తు పెట్టుకోండి. అందులో 64 దిశల డీటీఐ ఉంది, కానీ అది 3 టెస్లా, మీ విలువలతో కలపకండి.