టీనేజ్ పిల్లల్లో సోషల్ యాంగ్జైటీ: ముందు థెరపీనా, మందులా?

పాప అమ్మ:
మా పాపకి 15 ఏళ్లు. రెండేళ్ల నుంచి క్లాసులో నోరు తెరవట్లేదు, మొదట్లో సిగ్గు అనుకున్నాం. ఇప్పుడు పాఠం పైకి చదవమంటారని తెలిస్తే ఆ రోజు కడుపునొప్పని స్కూల్ మానేస్తోంది, నలుగురిలో తినదు, ఫోన్ మోగితే తెచ్చి నా చేతిలో పెడుతుంది. డాక్టర్ గారు సోషల్ యాంగ్జైటీ అన్నారు, అంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం మితిమీరడం. సిబిటి థెరపీ (ఆలోచనల్నీ, అలవాట్లనీ మార్చే మాటల వైద్యం) ఒక్కటే మొదలుపెట్టొచ్చు, లేదా దాంతోపాటు ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్ అనే మందు కూడా ఇవ్వొచ్చు, మీరే ఆలోచించుకోండి అన్నారు. వాళ్ళ నాన్న మందు వద్దే వద్దంటున్నారు, నాకేమో ఆలస్యం చేస్తున్నామేమో అని భయం. ఇది దాటినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత మాస్టారు:
30 ఏళ్లు పాఠాలు చెప్పానమ్మా. క్లాసుకి ముగ్గురో నలుగురో ఇలాంటి పిల్లలు ఎప్పుడూ ఉండేవారు, పై చదువులకి వెళ్ళాక చాలామంది వాళ్ళంతట వాళ్ళే మారారు. ప్రతి బిడియానికీ జబ్బు పేరు పెట్టి మాత్రలు మింగించడం నాకు నచ్చదు. కొంచెం టైమివ్వండి.

వెనక బెంచీ:
మాస్టారూ, మారినవాళ్ళు మీకు కనిపించారు, మారనివాళ్ళు కనిపించకుండా పోయారు, తేడా అక్కడే ఉంది. నేను ఆ రెండో రకం. 13 ఏళ్లప్పుడు మొదలైంది, అందరూ నువ్వే సర్దుకుంటావులే అన్నారు, నేనూ సర్దుకున్నాను, ఎలాగంటే వైవా ఉన్న సబ్జెక్టులు వదిలేసి, ఫ్రెండ్స్ పిలిచినప్పుడల్లా తలనొప్పని చెప్పి, చివరికి వాళ్ళు పిలవడం మానేసేదాకా. సిగ్గున్న పిల్లాడు కాసేపు తటపటాయించి తర్వాత కలిసిపోతాడండీ, నేను వారం ముందు నుంచీ నిద్రపోయేవాణ్ణి కాదు, అయిపోయాక ఇంకో వారం నేనేం మాట్లాడానో తలుచుకుని చచ్చేవాణ్ణి. డాక్టర్లు కూడా ఊరికే పేరు పెట్టరు, మామూలుగా ఆర్నెల్లకి పైగా ఉందా, చదువుకీ స్నేహాలకీ అడ్డుపడుతోందా, పెద్దవాళ్ళ దగ్గరే కాకుండా తోటి పిల్లల మధ్య కూడా వస్తోందా అని చూస్తారు. ఈ అమ్మాయి స్కూల్ మానేస్తోంది, ఇంకా టైమివ్వమంటే ఎలా?

నిద్రలేని నాన్న:
నేను మందు వైపే. మావాడికి 16, నాలుగు నెలలు థెరపీకి తీసుకెళ్ళాం, అక్కడ కూర్చుని నేల చూసేవాడు, ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. మాట్లాడటమే భయమైన పిల్లాడికి మాటలతో వైద్యం ఎలా కుదురుతుందండీ? సెర్ట్రాలిన్ మొదలుపెట్టిన ఐదారు వారాలకి ఆ భయం కాస్త దిగింది, అప్పుడు థెరపిస్ట్ చెప్పేది వినడం మొదలుపెట్టాడు. ఇది నా సొంత అభిప్రాయం కాదు, 2008లో క్యామ్స్ అని పెద్ద స్టడీ వచ్చింది, 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మంది, 12 వారాలు. రెండూ కలిపి ఇస్తే దాదాపు 81 శాతం మందికి బాగా మెరుగైంది, సిబిటి ఒక్కటే అయితే 60, మందు ఒక్కటే అయితే 55, ఉత్తుత్తి మాత్రకి 24. రెండూ కలిస్తే అంత తేడా ఉన్నప్పుడు పిల్లని ఎందుకు ఆపాలి?

వినే చెవి:
నేను పిల్లలతో పనిచేసే సైకాలజిస్ట్‌ని. ఆ అంకెలు నిజమే, కానీ అందులో ఉన్నవాళ్ళందరూ సోషల్ యాంగ్జైటీ పిల్లలు కాదు, మూడు రకాల ఆందోళనలు కలిపి చూశారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో సోషల్ యాంగ్జైటీ ఒక్కదాని మీదే గైడ్‌లైన్ ఇచ్చింది, పిల్లలకి, టీనేజర్లకి సిబిటి ఇవ్వండి, మందులు రొటీన్‌గా ఇవ్వొద్దు అని. విడిగా గానీ గ్రూప్‌లో గానీ 8 నుంచి 12 సెషన్లు.

ఇంకోటి, నాలుగు నెలలు నేల చూస్తూ కూర్చున్నది సిబిటి అయ్యుండకపోవచ్చండీ, తప్పుగా అనుకోవద్దు. చాలాచోట్ల ధైర్యం చెప్పి, గట్టిగా ఊపిరి పీల్చమని చెప్పి పంపేస్తున్నారు. అసలు పని ఎక్స్‌పోజర్‌లో, అంటే భయపడే పనిని మెల్లమెల్లగా ఎదుర్కోవడంలో ఉంటుంది. పిల్లలు భయపడే పనులకి నిచ్చెన వేస్తాం, కింద మెట్టు ఒక అపరిచితుణ్ణి టైమ్ అడగడం కావచ్చు, తర్వాత షాపులో ధర అడగడం, తర్వాత కావాలనే క్లాసులో ఒక జవాబు తప్పు చెప్పడం. ముందే అడుగుతాం, తప్పు చెప్తే ఏమవుతుందని నీ అంచనా? అందరూ నవ్వుతారంటారు. చేసొచ్చాక ఎంతమంది నవ్వారో లెక్క చెప్పమంటాం. దాంతోపాటు వాళ్ళు భయం కప్పిపుచ్చుకోడానికి చేసే పనులు మాన్పిస్తాం, జుట్టు మొహం మీదకి వేసుకోవడం, ప్రతి వాక్యం మనసులో రెండుసార్లు అనుకుని మాట్లాడటం, చేతులు వణుకుతాయని జేబులో పెట్టుకోవడం. వీటివల్లే కాపాడబడ్డానని వాళ్ళు నమ్ముతారు, అందుకే భయం తగ్గదు. ఒక్కోసారి వాళ్ళు మాట్లాడేది వీడియో తీసి చూపిస్తాం, నా మొహం టమాటాలా ఎర్రబడింది అన్న పిల్ల వీడియో చూసి ఎక్కడా కనబడట్లేదేంటి అంటుంది. మాత్ర ఈ పని చేసిపెట్టదు.

నిద్రలేని నాన్న:
మీరు చెప్పినట్టు చేసే థెరపిస్ట్ దొరికితే నేనూ ముందు అదే అనేవాణ్ణి. దొరకనివాళ్ళ సంగతి?

వినే చెవి:
ఆ ప్రశ్న న్యాయమైనది. స్కూల్ పూర్తిగా ఆగిపోయినా, డిప్రెషన్ కలిసినా, మంచి థెరపీ అందకపోయినా నేనే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతాను. మందుకి నేను శత్రువుని కాను.

పాప నాన్న:
నేను ఆ పాప నాన్ననండీ, వాళ్ళమ్మ చూపిస్తే చదివాను. ఆ మందుల డబ్బా మీద ఆత్మహత్య ఆలోచనల గురించి హెచ్చరిక ఉంటుందని చదివాను, నా భయమంతా అదే. అది అబద్ధమా?

వినే చెవి:
అబద్ధం కాదండీ. 2004లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ పెట్టించింది. పిల్లల, టీనేజర్ల ట్రయల్స్ కలిపి చూస్తే అలాంటి ఆలోచనలో, ప్రయత్నాలో కనిపించింది మందు తీసుకున్నవాళ్ళలో సుమారు 4 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 2 శాతం మందిలో. ఆ ట్రయల్స్‌లో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. అందుకే తక్కువ డోసుతో మొదలుపెడతారు, మొదటి వారాల్లోనూ డోసు మార్చినప్పుడూ దగ్గరుండి చూడాలి, కొత్తగా చిరాకు, నిద్రలేమి, అస్థిమితం కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. బాగైపోయిందని మీ అంతట మీరు టక్కున ఆపకూడదు కూడా. మీ భయాన్ని డాక్టర్ గారి ముందు ఇలాగే అడగండి, అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

అమ్మగారికి ఒక మాట. ఫోన్ మీ చేతిలో పెడితే మీరు మాట్లాడేస్తున్నారు కదా, ప్రేమతోనే, కానీ ప్రతిసారీ ఆ భయానికి ఇంకొంచెం బలం ఇచ్చినట్టవుతుంది. యేల్ యూనివర్సిటీలో స్పేస్ అనే పద్ధతి తయారుచేశారు, పిల్లలతో సంబంధం లేకుండా తల్లిదండ్రులకే నేర్పుతారు, ఇలాంటి సాయాలు మెల్లగా ఎలా తగ్గించాలో. 2020లో వచ్చిన ట్రయల్‌లో 7 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో అది సిబిటికి తీసిపోలేదు. ఒక్కసారిగా మానేయకండి, నీకు కష్టమని నాకు తెలుసు, చేయగలవని కూడా తెలుసు అని పాపకి ముందే చెప్పి ఒక్కో కాల్ వదలండి.

వెనక బెంచీ:
ఇంత మాట్లాడుకున్నాం, ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? నా విషయంలో అమ్మానాన్న, డాక్టర్ ముగ్గురూ నా తల మీద నుంచే మాట్లాడుకున్నారు, నేను పక్కనే ఉన్నాను.

పాత మాస్టారు:
బాబూ, నీ మాట రెండుసార్లు చదివాను. వెనక బెంచీల్లో నేను పేరు పెట్టి పిలవడం మానేసిన పిల్లలు గుర్తొచ్చారు. ఇబ్బంది పెట్టకూడదని అలా వదిలేసేవాణ్ణి.

పాప అమ్మ:
నిన్న రాత్రి అడిగాం. ఎదురుగా చెప్పలేక కాగితం మీద రాసిచ్చింది. మందంటే తనకి భయం లేదట, స్కూల్లో ఎవరికీ తెలియకూడదట. గ్రూప్ థెరపీ మాత్రం ఇప్పుడే వద్దు, ఒక్కదాన్నే అయితే వెళ్తాను అని రాసింది. నిచ్చెన సంగతి చెప్తే కింద మెట్టు తనే ఎంచుకుంది, పిన్ని ఫోన్ చేస్తే ఎత్తడం. గురువారం మొదటి సెషన్. అక్కడ ఎక్స్‌పోజర్ చేయిస్తారా అని ముందే అడిగి కనుక్కున్నాం. ఆరో సెషన్ అయ్యాక మందు సంగతి మళ్ళీ డాక్టర్ గారి దగ్గర కూర్చుని చూస్తాం, ఆ లోపు స్కూల్‌కి వెళ్ళడం ఇంకా తగ్గితే అప్పటిదాకా కూడా ఆగం. వాళ్ళ నాన్న కూడా వస్తానన్నారు.