సోమవారం క్లౌడ్ ఇంజినీరుగా చేరుతున్నాను, మొదట్లో ఏం చూసుకోవాలి?

గాజువాక, డబ్లిన్ వచ్చి 9 రోజులు:
అందరికీ నమస్కారం. మధురవాడలో ఒక ఐటీ కంపెనీలో నాలుగేళ్లు సపోర్టులో చేశాను. సర్టిఫికేషన్లు రెండున్నాయి గానీ, నిజం సిస్టమ్ మీద చెయ్యి వెయ్యాలంటే భయంగా ఉంది. ఆన్‌కాల్ (సిస్టమ్ పాడైతే ఏ వేళనైనా ఫోన్ ఎత్తే వంతు) కూడా ఉంటుందన్నారు. మొదటి మూడు నెలలు దేని మీద కూర్చోమంటారు?

పెదవాల్తేరు, ఇక్కడ పదేళ్లుగా:
తమ్ముడూ, 2014 అక్టోబరు 12 గుర్తుందా? హుద్‌హుద్ తుఫాను నాటికి నేను వైజాగ్‌లోనే ఉన్నాను. ఒకటి పోయినా ఇంకోటి పనిచేస్తుందని మా ఇంట్లో మూడు కంపెనీల సిమ్‌లు పెట్టుకున్నాం. మూడూ మూగబోయాయి. కంపెనీలు వేరైనా ఆ టవర్లన్నిటికీ కావలసిన కరెంటు ఒకటే కదా. మామయ్య వాళ్లు బతికున్నారో లేదో తెలుసుకోవడానికి నాన్న సింహాచలం దాకా నడిచెళ్లారు.

క్లౌడ్ పనిలో నేను రోజూ వెతికేది ఆ ఒక్క కరెంటు తీగనే. ఒక చోట మా సర్వర్లు రెండు అవైలబిలిటీ జోన్లలో, అంటే ఒకటి పోయినా ఇంకోటి నడిచేలా విడివిడిగా కట్టిన డేటా సెంటర్లలో ఉండేవి, అందరం ధీమాగా ఉన్నాం. బయటికి వెళ్లే దారి మాత్రం ఒకే జోన్‌లోని నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం) గుండా ఉంది. ఆ జోన్‌కి ఇబ్బంది రాగానే రెండో జోన్‌లో నిక్షేపంగా ఉన్న సర్వర్లు కూడా పేమెంట్ కంపెనీతో మాట్లాడలేకపోయాయి. అందుకే మొదటి నెల కొత్త టూల్స్ జోలికి పోకు. మీ సిస్టమ్ బొమ్మ నీ చేత్తో కాగితం మీద గీసుకో. ప్రతి పెట్టె దగ్గరా ‘ఇది పోతే ఇంకేం పోతాయి?’ అని సీనియర్లని అడుగు. విసుక్కోరు, చాలాసార్లు వాళ్లకీ కొత్త సంగతి తెలుస్తుంది.

రెండోది నెట్‌వర్కింగ్. అందరూ కుబర్నెటిస్ (ప్రోగ్రాముల్ని చాలా సర్వర్ల మీద నడిపించే సాఫ్ట్‌వేర్) అంటారు, దాని కింద ఉన్నది పాత ఐపీ అడ్రసులే. ఓసారి కొత్త పాడ్లు (అందులో ప్రోగ్రాములు నడిచే చిన్న పెట్టెలు) మొదలవట్లేదని రెండు గంటలు యామల్ సెట్టింగు ఫైళ్లు తిరగేశాం. తీరా చూస్తే సబ్‌నెట్‌లో, అంటే నెట్‌వర్క్‌లో మాకిచ్చిన ముక్కలో, అడ్రసులు నిండుకున్నాయి. /24 సబ్‌నెట్‌లో 256 ఉంటాయి, అందులో అమెజాన్ క్లౌడ్ 5 తన దగ్గర ఉంచుకుంటుంది, మనకి మిగిలేవి 251. అక్కడి మామూలు సెట్టింగులో ప్రతి పాడూ ఒకటి తీసుకుంటుంది. డీఎన్‌ఎస్ (పేర్లని అడ్రసులుగా మార్చేది), రూటింగ్ (ఏది ఏ దారిన వెళ్లాలో చెప్పేది), లైనక్స్ లాగులు (సర్వర్ రాసుకునే చిట్టా) చదవడం గట్టిగా వస్తే మిగతావి పనిలో పడి వచ్చేస్తాయి.

ఎంవీపీ కాలనీ, ఇక్కడ ఆరేళ్లుగా:
అన్నయ్య చెప్పింది నిజం. నేను రెండు విషయాలు కలుపుతాను. టెర్రాఫామ్ (సర్వర్లూ నెట్‌వర్కులూ కోడ్‌తో కట్టే టూల్) ఏమేం మార్చబోతోందో చూపించే ప్లాన్ పూర్తిగా చదవకుండా అప్లై కొట్టకు. డేటాబేస్ పక్కన ‘మస్ట్ బి రీప్లేస్డ్’ అని కనిపిస్తే అక్కడే ఆగి ఒకరిని పిలువు. ఆ మాటకి అర్థం ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెడతానని.

ఇంకోటి మన ఊరి నుంచి వచ్చినవాళ్లకి తట్టనిది: ఇక్కడ గడియారం మారుతుంది. మార్చి చివరి ఆదివారం రాత్రి ఒంటిగంట కాగానే రెండవుతుంది, అక్టోబరు చివరి ఆదివారం రెండు కాగానే మళ్లీ ఒంటిగంటవుతుంది. స్థానిక సమయం ప్రకారం ఒంటిగంటన్నరకి దానంతటదే నడిచేలా పెట్టిన జాబ్ వసంతంలో తప్పిపోవచ్చు, శరదృతువులో రెండుసార్లు నడవొచ్చు. కస్టమర్లకి బిల్లులు రెండేసి వెళ్లిన ఉదయం నేను చూశాను. షెడ్యూళ్లు యూటీసీలో, అంటే ఎప్పుడూ మారని ప్రపంచ సమయంలో పెట్టు.

గాజువాక:
చాలా థాంక్సండీ. ఆన్‌కాల్‌లో అర్ధరాత్రి ఫోన్ మోగి, నాకేమీ అర్థం కాకపోతే? మేనేజర్‌ని లేపితే చేతకానివాడనుకుంటారేమో.

ఎంవీపీ కాలనీ:
లేపు బాబూ. దీనికే నేను ఎక్కువ బాధపడ్డాను. మన దగ్గర ‘చూస్తున్నాను సార్, అయిపోతుంది సార్’ అనడం అలవాటు. నా మొదటి ఏడాది అలాగే ముప్పావుగంట ఒక్కదాన్నే కొట్టుకున్నాను. సిస్టమ్ 99.9 శాతం సమయం నడుస్తుందని కస్టమర్లకి మాటిస్తే నెల మొత్తానికి ఆగడానికి ఉన్నది దాదాపు 43 నిమిషాలే. అది నా మొహమాటానికే సరిపోయింది. మర్నాడు ఎవరూ తిట్టలేదు. ఇంత ఆలస్యంగా ఎందుకు పిలిచావని మాత్రం అడిగారు, ఏడుపొచ్చింది.

పది నిమిషాల్లో దారి దొరక్కపోతే పిలువు. ఏం చూశావో, ఏం మార్చావో, ఏ సమయానికో టీమ్ చాట్ ఛానెల్‌లో రాస్తూ ఉండు. ఇంగ్లీషు ఎలా ఉన్నా పర్వాలేదు, వరస ముఖ్యం. ఎవర్నీ సార్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలిస్తే చాలు. మొదట్లో నోరు తిరగదు.

పెదవాల్తేరు:
ఈ ఆదివారం మధ్యాహ్నం ఖాళీయేనా తమ్ముడూ? మేం డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉంటాం. ల్యాప్‌టాప్ పట్టుకుని భోజనానికి వచ్చెయ్. నీ సొంత అకౌంట్‌లో చిన్న నెట్‌వర్క్ కట్టి, మనమే పడగొట్టి చూద్దాం. ఆట అయ్యాక నాట్ గేట్‌వే తీసెయ్యాలి సుమా, ఊరికే ఉన్నా దానికి గంట లెక్కన బిల్లు పడుతుంది.