పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు పెద్దవాళ్లను ఎలా అడుగుతున్నారు?

నమస్కారమండీ. నర్సింగ్ ప్రాజెక్టు కోసం మా మండలంలో అరవై దాటినవాళ్లను దిగులు (డిప్రెషన్) ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9, ఆందోళన ఎంతుందో చూసే జీఏడీ-7 ప్రశ్నలు అడుగుతున్నాను. ఎవరికి వారే చదివి టిక్కు పెట్టాల్సిన ఫారాలివి. ఇక్కడ చాలామందికి చదువు రాదు, అందుకని నేనే చదివి వినిపిస్తున్నా.

చిక్కంతా జవాబుల దగ్గరే. గత రెండు వారాల్లో 'అస్సలు లేదు' అంటే 0, 'కొన్ని రోజులు' 1, 'సగం కంటే ఎక్కువ రోజులు' 2, 'దాదాపు రోజూ' 3. ఎంత విడమర్చి చెప్పినా "అప్పుడప్పుడు ఉంటది బిడ్డా" అంటారు. అది 1 ఆ, 2 ఆ? పీహెచ్‌క్యూలో 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించమంటున్నాం, ఒక్క మార్కుతో అటూఇటూ అయిపోతోంది. పైగా ఇవి నాట్ల రోజులు. ఫారంలో అడిగే నీరసం, నిద్రలేమి దిగులు వల్లనో నడుంనొప్పి వల్లనో ఎలా తేల్చాలి?

చనిపోతే బాగుండనిపించిందా అనే తొమ్మిదో ప్రశ్న కోడళ్ల ముందు అడిగితే అందరూ 'లేదు' అనేవాళ్లే. ఒకామె మాత్రం గుమ్మం దాకా నా వెంట వచ్చి, మెల్లగా అవునంది. వెంటనే పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పి, మానసిక సమస్యల హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 రాసిచ్చాను.

తెలుగులో ఇవి అడిగినవాళ్లు కాస్త చెప్పండి: పద్నాలుగు చింతగింజలు ముందు పెట్టి, బాగోలేని రోజులకు తీసి పక్కన పెట్టమంటే స్కోరు చెల్లుతుందా?